ఎనిమిది వేసేటప్పుడు హ్యాండిల్ ఎందుకు మొరాయిస్తుంది?

పిల్లలూ,

స్టీరింగ్ డంపర్ (హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకోకుండా పట్టుకునే పరికరం) బిగించుకున్నాక బండి హైవే మీద బాగానే పోతోంది గానీ, సందులో యూ టర్న్ కొట్టేటప్పుడు హ్యాండిల్ పట్టేస్తోందని, కాలు కింద పెట్టాల్సి వస్తోందని మీలో కొందరు అంటున్నారు. డంపర్ బిగువు మార్చే నాబ్‌ని కొన్ని క్లిక్కులు తగ్గించుకోండి అని ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. అలా చెబితే సగంమందికి తప్పు చెప్పినట్టే. ఆ బరువు ప్రతిసారీ డంపర్‌ది కాదు. ఏది డంపర్ బరువో, ఏది ఇంకోదాని బరువో చేత్తోనే తేల్చుకోవచ్చు.

డంపర్‌లో ఉండేది చాలా తక్కువ. చిన్న గొట్టం, లోపల నూనె, నూనెలో పిస్టన్, పిస్టన్‌కి రాడ్డు. ఒక కొస ఛాసిస్‌కి, ఇంకో కొస ముందుచక్రాన్ని పట్టుకునే ఫోర్క్‌కి గానీ పైన ఉండే క్లాంపుకి గానీ బిగిస్తారు. హ్యాండిల్ తిరిగితే రాడ్డు కదులుతుంది, నూనె సన్నటి దారి గుండా పిస్టన్‌కి అటువైపు నుంచి ఇటువైపుకి పోవాలి. నీళ్లు నిండిన టబ్బులో అరచేయి అడ్డంగా పెట్టి మెల్లగా జరిపి చూడండి, ఏమీ తెలియదు. గబుక్కున లాగండి, నీళ్లు చేతిని పట్టుకుంటాయి. డంపర్ కూడా అంతే. హ్యాండిల్ ఎంత తిరిగిందో దానికి అక్కర్లేదు, ఎంత వేగంగా తిరిగిందన్నదే లెక్క. బండి పదిలో పోతోందా, నూట ఇరవైలో పోతోందా అన్నది మామూలు డంపర్‌కి అసలు తెలియదు. చిక్కంతా ఇక్కడే ఉంది.

అరచేతిలో చీపురుకట్ట నిలబెట్టే ఆట మీరంతా ఆడే ఉంటారు. చీపురు కుడికి వాలితే చెయ్యి కుడికి పోవాలి, వెంటనే పోవాలి. మెల్లగా పోయే బండి కూడా ఆ చీపురే. అది ఎటు వాలితే అటు హ్యాండిల్ తిప్పి, టైర్లను బరువు కిందికి తీసుకొస్తాం. తెలియకుండానే చేస్తాం, క్షణం ఆపకుండా చేస్తాం. స్పీడు ఉన్నప్పుడు దీనికి చిన్న కదలిక చాలు. అదే ఒక డిగ్రీ హ్యాండిల్‌కి, 40 కిలోమీటర్ల స్పీడులో బండిని లేపే బలం 10 కిలోమీటర్ల స్పీడులో కంటే 16 రెట్లు ఉంటుంది. స్పీడు నాలుగింతలైతే ఈ బలం నాలుగు నాలుగుల పదహారు. తిరగేసి చూడండి: పదిలో పోతున్నప్పుడు అదే పని జరగాలంటే హ్యాండిల్ చాలా ఎక్కువ తిప్పాలి, అదీ బండి ఇంకా వాలిపోకముందే. అంటే పెద్ద కదలిక, వేగంగా. సరిగ్గా డంపర్ అడ్డుపడేది దానికే. చీపురు ఆట ఆడుతుంటే ఎవరో మీ మణికట్టు పట్టుకున్నట్టు.

అయితే డంపర్ పెట్టింది ఎందుకు? గుంతలోంచి లేచి, ముందుచక్రం కాస్త తేలి, మళ్లీ నేలను తాకినప్పుడు హ్యాండిల్ అటూ ఇటూ కొట్టుకుంటుంది చూడండి, దాన్ని ఆపడానికి. ఆ కొట్టుకోవడం సెకనుకు 6 నుంచి 10 సార్లు ఉంటుంది. మూడేసి డిగ్రీలు అటూ ఇటూ, సెకనుకు 8 సార్లు అనుకుంటే హ్యాండిల్ గరిష్ఠ వేగం సెకనుకు 150 డిగ్రీలు. యూ టర్న్‌లో మీరు పావు సెకనులో 10 డిగ్రీలు సర్దుకున్నారనుకోండి, సెకనుకు 40 డిగ్రీలే. అంటే సరిగ్గా పెట్టిన డంపర్ కొట్టుకోవడాన్ని గట్టిగా పట్టుకుని, మీ సర్దుబాటును కొద్దిగా మాత్రమే పట్టుకోవాలి. ఆ రెంటి మధ్య సందు ఉంది గానీ, మరీ వెడల్పైన సందు కాదు. చూపులకు బాగుందని చివరి క్లిక్కు దాకా బిగించేవాళ్లు ఆ సందును మూసేసుకుంటున్నారు.

బిగించేసిన డంపర్‌తో యూ టర్న్‌లో ఏమవుతుందో వరసగా చూడండి. బండి లోపలికి వాలింది. మీరు హ్యాండిల్ ఇంకొంచెం తిప్పాలనుకున్నారు. అది ఒక్క క్షణం ఆలస్యంగా కదిలింది. ఆ క్షణంలో బండి ఇంకొంచెం వాలింది. మీరు ఇంకా గట్టిగా తోశారు, ఈసారి కావాల్సినదాని కంటే ఎక్కువ తిరిగింది, బండి లేచింది, మళ్లీ వెనక్కి తెచ్చుకోవాలి, మళ్లీ ఆలస్యం. టైరు గీత పాము నడకలా పడుతుంది. చివరికి కాలు కింద. మీకు రాక కాదు, చెయ్యి చెప్పిన మాట చక్రానికి ఆలస్యంగా అందుతోంది.

నూనె డంపర్‌ని మెల్లగా తిప్పితే దాదాపు బరువే ఉండకూడదు, గబుక్కున తిప్పినప్పుడే పట్టాలి. మెల్లగా తిప్పినా బరువుగా ఉందంటే అది నూనె పని కాదు, ఎక్కడో రాపిడి. రాపిడికి వేగంతో పని లేదు, కదలడం మొదలవకముందే అడ్డం కూర్చుంటుంది. పాతకాలం బుల్లెట్లు, జావాల్లో కొన్నింటికి హ్యాండిల్ మధ్యలో గుండ్రటి నాబ్ ఉండేది గుర్తుందా, మీ తాతలనడగండి. అది పలకలను ఒకదానికొకటి నొక్కే రాపిడి డంపర్. సైడ్‌కార్ తగిలిస్తే బిగించేవాళ్లు, మామూలుగా నడిపేటప్పుడు వదులు చేసేవాళ్లు. బిగించిన నాబ్‌తో సంతలో బండి నడపడం నరకం.

కాబట్టి డంపర్‌ని తిట్టేముందు దాన్ని విప్పేసి పరీక్ష పెట్టండి. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, ఒకరు తోక మీద బరువు వేసి ముందుచక్రాన్ని గాల్లోకి లేపాలి. చక్రం సూటిగా పెట్టి, ఒక్క వేలితో పక్కకు తట్టండి. దానంతట అదే చివరిదాకా పడిపోవాలి, రెండువైపులా. మధ్యలో చిన్న గాడిలో కూర్చున్నట్టు ఆగితే కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు) పోయింది. బాల్స్ అవి దొర్లే రింగులో (రేసులో) గుంటలు చేశాయి, డంపర్ ఎన్ని క్లిక్కులు తిప్పినా అది పోదు. ఎక్కడా గాడి లేదు గానీ మొత్తంగా బరువుగా ఉంటే కోన్ నట్టు ఎక్కువ బిగించారు. ఒకవైపు మాత్రమే ఆగిపోతే క్లచ్ వైరో యాక్సిలరేటర్ వైరో లాగుతోంది, దారి మార్చండి. ముందు టైరులో గాలి తక్కువైనా మెల్లగా పోయేటప్పుడు అచ్చం డంపర్ బిగిసినట్టే అనిపిస్తుంది. మాన్యువల్‌లో రాసినంత గాలి, బండి చల్లగా ఉన్నప్పుడు కొట్టించండి. మెకానిక్ దగ్గరికి ‘డంపర్ ఖరాబైంది’ అని వచ్చే బండ్లలో ఇవి ఉంటాయి.

ఇవన్నీ సరిగ్గా ఉంటేనే డంపర్ మళ్లీ బిగించండి. నాబ్‌ని పూర్తిగా వదులు వైపు తిప్పి, చక్రం గాల్లో ఉండగానే మళ్లీ తట్టండి. ఈసారి నెమ్మదిగా పడుతుంది, అయినా చివరిదాకా పడాలి. మధ్యలో నిలిచిపోతే బ్రాకెట్ వంకరగా ఉంది, రాడ్డు కొసల్లోని గుండ్రటి బేరింగులు బిగిసి రాడ్డును పక్కకు నెడుతున్నాయి. బోల్టులు వదులు చేసి, హ్యాండిల్ అటూ ఇటూ రెండుసార్లు తిప్పి, దానికది సర్దుకున్నాక బిగించాలి. ఫోర్క్ గొట్టాన్ని పట్టుకునే క్లాంపుని మాన్యువల్ చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. ఎక్కువైతే గొట్టం నొక్కుకుపోయి ఫోర్క్ కదలిక కూడా పాడవుతుంది.

తరువాత హ్యాండిల్‌ని పూర్తిగా ఎడమకి, పూర్తిగా కుడికి తిప్పి చూడండి. రెండు చివర్లలోనూ రాడ్డుకి ఇంకో 3 మిల్లీమీటర్లయినా దారి మిగలాలి. హ్యాండిల్‌ని ఆపాల్సింది ఛాసిస్ మీది స్టాపర్, డంపర్ కాదు. డంపరే ఆపుతుంటే యూ టర్న్‌లో మీకు తిరిగే చోటు కూడా తగ్గుతుంది, బండి ఒక్కసారి కింద పడిందంటే రాడ్డు వంగుతుంది లేదా బ్రాకెట్ విరుగుతుంది. వేళ్లు ట్యాంకుకీ హ్యాండిల్‌కీ మధ్య నలగకుండా చూసుకోండి.

ఇంకొక సంగతి ఎవరూ చెప్పరు. రాడ్డు తగిలించే చోటు స్టీరింగ్ ఇరుసు నుంచి ఎంత దూరంలో ఉందన్నది. ఆ దూరం 4 సెంటీమీటర్లు, ఇరుసు నుంచి హ్యాండిల్ కొస 36 సెంటీమీటర్లు అనుకుంటే, హ్యాండిల్ కొస 9 సెంటీమీటర్లు కదిలితే రాడ్డు కదిలేది 1 సెంటీమీటరే. బ్రాకెట్ మార్చి ఆ దూరాన్ని 6 సెంటీమీటర్లు చేశారంటే రాడ్డు ఒకటిన్నర రెట్లు వేగంగా కదులుతుంది, దాని బలం ఒకటిన్నర రెట్లు ఎక్కువ దూరం నుంచి పని చేస్తుంది. రెండూ కలిసి బరువు రెండుంపావు రెట్లవుతుంది. అదే డంపర్, అదే క్లిక్కు. ఇంకో మోడల్ కోసం చేసిన బ్రాకెట్‌ని ఏదో సర్ది బిగించినప్పుడు బండి మొరాయించేది తరచు ఇందుకే.

ఇక క్లిక్కుల లెక్క. ఖాళీ స్థలంలో, ఆర్టీఏ ట్రాక్‌లో వేసినట్టే ఎనిమిది వేయండి, నడక స్పీడులో. పూర్తి వదులు మీద మొదలుపెట్టి రెండేసి క్లిక్కులు పెంచుతూ పోండి. వెనక బ్రేకు కాస్త పట్టి, హాఫ్ క్లచ్ మీద, చూపు చక్రం ముందు కాకుండా తిరగబోయే వైపు ఉంచాలి. ఎనిమిది నడుమ దాటేటప్పుడు, ఎడమ వంపు నుంచి కుడి వంపుకి మారేచోట, హ్యాండిల్ అతి వేగంగా తిరగాలి. డంపర్ ఎక్కువైతే ముందుగా తెలిసేది అక్కడే. అక్కడ కాలు లేవబోయిందా, రెండు క్లిక్కులు వెనక్కి. ఆ అంకె ట్యాంకు కింద టేపు మీద రాసుకోండి. డిసెంబరు తెల్లవారుజామున నూనె చిక్కబడి అదే అంకె కాస్త బరువుగా తోస్తుంది, మే నెల ఎండలో తేలికవుతుంది. హైవే మీద హ్యాండిల్ కొట్టుకుంటే ఆ అంకె పెంచేముందు కోన్ సెట్, టైరు, వెనక వేసిన లగేజీ చూడండి. డంపర్‌ని మరీ బిగిస్తే ఎక్కువ స్పీడులో బండి మొత్తం నెమ్మదిగా అటూ ఇటూ ఊగే జబ్బు ఇంకా ముదురుతుంది.

ఈ గొడవంతా ఎందుకని హోండా 2004 సీబీఆర్1000ఆర్ఆర్‌కి ఎలక్ట్రానిక్ డంపర్ పెట్టింది. బండి స్పీడునీ, అది ఎంత జోరుగా అందుకుంటోందన్నదాన్నీ చూసి నూనె దారిని మూస్తుంది, మెల్లగా పోతున్నప్పుడు తెరిచి ఉంచుతుంది. 150 సీసీ బండికి రంగు రంగుల డంపర్ తెచ్చి బిగించే సరదా మాత్రం మానుకోండి. ఆ డబ్బుకి మంచి ముందు టైరు వస్తుంది.

ఉన్నట్టుండి డంపర్ తేలికైపోయి యూ టర్న్‌లు హాయిగా పడుతుంటే సంతోషపడకండి. రాడ్డు చుట్టూ తడి ఉందేమో వేలు పెట్టి చూడండి. సీలు కారి, నూనె స్థానంలో గాలి చేరితే మధ్యలో కొన్ని మిల్లీమీటర్లు రాడ్డు ఖాళీగా ఆడుతుంది. కొట్టుకోవడం మొదలయ్యేది ఆ కొన్ని మిల్లీమీటర్లలోనే. విప్పి చేత్తో లోపలికీ బయటికీ తోసి చూస్తే దిక్కు మార్చినచోట టక్కుమని ఖాళీ తగులుతుంది. అలాంటిదాన్ని రిపేరుకివ్వండి, లేదా బ్రాకెట్లతో సహా పూర్తిగా తీసేయండి. తీసేటప్పుడు బ్రాకెట్ కోసం వేసిన పొడుగు బోల్టు స్థానంలో కంపెనీ బోల్టు తిరిగి వేయడం మరిచిపోవద్దు. పొడుగు బోల్టు అలాగే వదిలేస్తే అది సగంలోనే అడుగు తగిలి, బిగిసినట్టే ఉండి, క్లాంపుని పట్టుకోదు.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న