వెన్న పడే ఇంట్లో అడుగుపెడితే

చిరంజీవులకు అమ్మమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగారు కదా, ఐర్లాండ్‌ పల్లెల్లో కూడా కవ్వం ఉండేదా అని. ఉండేది కానీ, మనలా తాడుతో తిప్పేది కాదు. చెక్క బద్దలతో కట్టిన పొడవాటి పీపా, మూత మధ్యలో కన్నం, అందులోంచి లోపలికి దిగే కర్ర. కర్ర అడుగున చిల్లులున్న చెక్క బిళ్ల. రోకలి పోటు వేసినట్టు పైకీ కిందకీ ఆడించాలి.

వెడల్పాటి గిన్నెల్లో పాలు పోసి ఉంచితే తేలిన మీగడను కొన్ని రోజులు పోగుచేసి, కాస్త పులిశాక చిలికేవాళ్లు. మీగడలో కొవ్వు సన్నని బొట్లుగా ఉంటుంది. ఒక్కో బొట్టుకీ పలుచని పొర. దెబ్బలకు ఆ పొరలు చిరిగితే బొట్లు ఒకదానికొకటి అంటుకుని వెన్నవుతుంది. మరీ చల్లగా ఉంటే గంటలు చిలికినా పడదు. అందుకే చలికాలంలో పీపాలో కాసిన్ని వేణ్ణీళ్లు పోసేవాళ్లు.

చిలుకుతుండగా ఇంట్లోకి ఎవరొచ్చినా 'దేవుడు ఈ పనిని దీవించుగాక' అని, కర్ర పట్టి నాలుగు పోట్లు వేయాల్సిందే. ఊరికే వెళ్లిపోతే వెన్న కూడా వాళ్ల వెంట పోతుందని నమ్మకం. పొయ్యిలోంచి నిప్పు బయటికి ఇచ్చేవాళ్లు కాదు, పైపు ముట్టించుకోవడానికైనా సరే; నిప్పుతో పాటు వెన్న కూడా పోతుందని భయం. మే 1న ఈ భయం మరీ ఎక్కువ. కీడు తగలకుండా కాపాడుతుందని పీపాకు రోవన్ అనే చెట్టు కొమ్మ కట్టేవాళ్లు.

దీన్ని చూసి నవ్వకండమ్మా. చాలా ఇళ్లలో ఆ వెన్న అమ్మితేనే భూమికి కౌలు కట్టేది. కార్క్ నగరంలో 1770లో మొదలై 1924 దాకా నడిచిన పెద్ద వెన్న మార్కెట్‌కి చెక్క పీపాల్లో వెన్న వెళ్లేది. చిలికిన వాళ్లకు మిగిలేది మజ్జిగ, దాంతో ఉడికించిన బంగాళాదుంపలు. ఇంటి ఆడవాళ్ల రెక్కల కష్టం ఎక్కడికో పోయి ఎవరి రొట్టె మీదో కరిగేది. వెన్న పడని రోజు ఆ తల్లికి ఎంత టెన్షనో నాకు తెలుసు.

1889లో లిమరిక్ జిల్లాలోని ఒక ఊళ్లో మొదటి సహకార పాల కేంద్రం పెట్టారు. అలాంటివి పెరిగేకొద్దీ పాలు నేరుగా అక్కడికే వెళ్లాయి.

దసరా సెలవులకు రండి. మీగడ సీసాలో పోసి, మూత బిగించి ఊపుదాం. ఆ టైమ్‌లో గుమ్మంలోకి ఎవరొచ్చినా సీసా వాళ్ల చేతిలో పెట్టండి.

మీ అమ్మమ్మ