అరక్కోణం తర్వాత: అవాక్స్ కొరత ఎక్కడ మొదలైంది?

ఆపరేషన్ సిందూర్ ముగిసి నెలలు గడిచినా ఒక ప్రశ్న మాత్రం చల్లారడం లేదు. 2025 మే 7 రాత్రి గగనతలాన్ని ఎవరు ఎంత దూరం చూడగలిగారు? యుద్ధవిమానాలు కొన్ని కోల్పోయామని త్రివిధ దళాధిపతి జనరల్ అనిల్ చౌహాన్ మే 31న సింగపూర్‌లో ఒప్పుకున్నారు, సంఖ్య చెప్పలేదు. ఆగస్టు 9న బెంగళూరులో వైమానిక దళాధిపతి ఏపీ సింగ్ ఐదు పాక్ యుద్ధవిమానాలతో పాటు ఒక పెద్ద విమానాన్ని కూడా దాదాపు 300 కిలోమీటర్ల దూరం నుంచి కూల్చామన్నారు. ఆ పెద్ద విమానం సంకేతాలు పసిగట్టేదో, ముందస్తు హెచ్చరికలు ఇచ్చేదో అయి ఉంటుందన్నది ఆయన మాట. పాకిస్తాన్ ఇదంతా అబద్ధమంది. ఎవరి లెక్క ఎలా ఉన్నా, ఇరుపక్షాల కథలూ తిరిగేది ఒకే రకం విమానం చుట్టూ: వీపు మీద రాడార్ మోస్తూ సరిహద్దుకు ఇవతలే చక్కర్లు కొట్టే అవాక్స్.

మన దగ్గర అవి ఎన్ని? ఆగ్రాలో ఇజ్రాయెల్ రాడార్ మోసే ఫాల్కన్‌లు మూడు. బఠిండా దగ్గరి స్థావరంలో స్వదేశీ నేత్రలు, అవీ రెండు మూడే. అంతా కలిపితే అరడజను. పాకిస్తాన్ దగ్గర స్వీడన్ ఎరీఐలు, చైనా నుంచి కొన్నవి కలిపి అంతకన్నా ఎక్కువే. టీవీ చర్చల్లో ఒక వర్గం ఇజ్రాయెల్ నుంచి వెంటనే కొనాలంటుంది, ఇంకో వర్గం మన శాస్త్రవేత్తల ఆలస్యమే కొంప ముంచిందంటుంది. రెండో వర్గం గొంతు పెద్దది. అసలు ఆలస్యం ఎక్కడ మొదలైందో మాత్రం వాళ్లు చెప్పరు.

రాడార్ ఎలా పుట్టింది, అమెరికా ఈ-3 అనే అవాక్స్‌ను ఎందుకు చేసింది వంటివి చాలాసార్లు చదివినవే. ఒక్క లెక్క చాలు. భూమి గుండ్రంగా ఉండడం వల్ల, నేలను ఆనుకుని 100 మీటర్ల ఎత్తులో దూసుకొచ్చే విమానం నేల మీది రాడార్‌కు 50 కిలోమీటర్లకు అటూఇటూగా వస్తేగాని కనబడదు. గంటకు 900 కిలోమీటర్ల వేగమైతే అది మూడున్నర నిమిషాల దూరం. అదే రాడార్‌ను తొమ్మిది కిలోమీటర్ల ఎత్తుకు తీసుకెళ్తే చూపు 400 కిలోమీటర్లు దాటుతుంది. మూడున్నర నిమిషాలు కాస్తా దాదాపు అరగంట అవుతాయి.

ఆ అరగంటను మనమే సంపాదించుకునే ప్రయత్నం 1985లో బెంగళూరులో మొదలైంది. ఆ పని కోసం పుట్టిన డీఆర్‌డీవో బృందమే తర్వాత కాబ్స్ అనే సంస్థ అయింది. ఎంచుకున్న విమానం పాత ఆవ్రో. 1961 నుంచి కాన్పూర్‌లో హెచ్‌ఏఎల్ తయారుచేస్తూ వచ్చిన రెండు ప్రొపెల్లర్ల రవాణా విమానం అది. దాని వీపు మీద కాళ్లు నిలబెట్టి, ఆ కాళ్ల మీద రాడార్ కోసం తిరిగే డోమ్‌ను బిగించారు. రెండు పెద్ద పళ్లేలను అంచుకు అంచు కలిపి మూసినట్టుండే ఆ డోమ్ అడ్డకొలత 24 అడుగులు, మందం ఐదు అడుగులు. అంత బరువూ, అంత గాలి ఒత్తిడీ తన వీపున పడతాయని లెక్క వేసుకుని పుట్టిన విమానం కాదది. అయినా 1990 నవంబరులో డోమ్‌తో ఎగిరింది. ఆ తర్వాత రాడార్‌తోనూ ఎగిరింది. దానికి ఐరావత్ అని పేరు పెట్టారు. ఇంద్రుడి ఏనుగు పేరు, వీపు మీద అంబారీ ఉన్నదానికి అతికినట్టే ఉంది.

తిరుపతి, రేణిగుంట వైపు నుంచి చెన్నై రైలెక్కే వాళ్లకు అరక్కోణం జంక్షన్ పరిచయమే. ఆ ఊరి పక్కనే నౌకాదళానికి ఐఎన్‌ఎస్ రాజాళి స్థావరం ఉంది. పరీక్షల కోసం ఐరావత్ అక్కడికి వెళ్లింది. 1999 జనవరి 11న దిగడానికి రన్‌వే వైపు వస్తుండగా డోమ్ ఊడి, వెనక్కి కొట్టుకుపోయి తోకకు తగిలింది. అలా తోక దెబ్బతిన్న విమానాన్ని నిలబెట్టడం ఎంత చేయి తిరిగిన పైలట్‌కైనా చాలా కష్టం. నలుగురు వైమానిక దళ సిబ్బంది, నలుగురు శాస్త్రవేత్తలు, విమానంలో ఉన్న ఎనిమిది మందీ చనిపోయారు.

నా దృష్టిలో మలుపు ఆ ప్రమాదం కాదు, దాని తర్వాత తీసుకున్న నిర్ణయం. కార్యక్రమాన్ని మొత్తంగా కట్టిపెట్టేశారు. ఊడింది డోమ్. దాన్ని మోసిన విమానం ముసలిది. రాడార్, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్, నేలకు సమాచారం పంపే లంకెలు, వీటన్నిటి మీద పద్నాలుగేళ్లు కూర్చున్న ఇంజినీర్లు కూలిపోలేదు. ఇంకో విమానం తీసుకుని, బిగింపు లెక్కలు మళ్లీ వేసి, అదే బృందంతో కొనసాగించి ఉండాల్సిందన్న వాదన కాబ్స్‌తో సంబంధమున్న వాళ్లు ఈనాటికీ వినిపిస్తారు. అందులో బాధ ఉంది, ఆత్మరక్షణ కూడా కొంత ఉంది. కానీ తర్వాత జరిగినదంతా ఆ వాదన వైపే మొగ్గుతుంది. అదే సంస్థ అదే పనిని ఐదేళ్ల తర్వాత మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోవాల్సి వచ్చింది మరి.

ఆవ్రో నెమ్మది అని, యుద్ధంలో కావలసినంత ఎత్తుకు వెళ్లలేదని, నమూనాగా పనికొస్తుందేమో గాని స్క్వాడ్రన్‌కు పనికిరాదని వైమానిక దళం వైపు మాట. అదీ నిజమే. బ్రిటన్ కూడా తన నిమ్రాడ్ అవాక్స్‌ను 1986లో వదిలేసి అమెరికా ఈ-3లు కొనుక్కుందని గుర్తుచేస్తారు. కాకపోతే బ్రిటన్ అడిగితే అమెరికా అమ్మింది. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత ఆంక్షల్లో ఉన్న మనకు అమ్మేవాళ్లు ఎవరు?

అరక్కోణం ప్రమాదం జరిగి నాలుగు నెలలు తిరగకుండానే కార్గిల్ యుద్ధం వచ్చింది.

అమ్మేవాళ్లు దొరికిన తీరు కూడా చిత్రమైనదే. ఇజ్రాయెల్ తన ఫాల్కన్ రాడార్‌ను చైనాకు అమ్మబోయి, అమెరికా పట్టుబట్టడంతో 2000 జూలైలో వెనక్కి తగ్గింది. చైనాకు నష్టపరిహారం కూడా కట్టింది. అలా కొనేవాళ్లు లేకుండా మిగిలిన సాంకేతికత అమెరికా అభ్యంతరం చెప్పకపోవడంతో మన వైపు వచ్చింది. 2004 మార్చిలో మూడు విమానాలకు దాదాపు 110 కోట్ల డాలర్ల ఒప్పందం కుదిరింది. తాష్కెంట్‌లో తయారైన ఐఎల్-76 విమానానికి రష్యాలోని తగన్‌రోగ్‌లో మార్పులు, ఇజ్రాయెల్‌లో రాడార్. మూడు దేశాలు తిరిగిన మొదటిది 2009 మే 25న జామ్‌నగర్‌లో దిగింది. మూడు రోజుల తర్వాత ఢిల్లీలో రక్షణ మంత్రి ఏకే ఆంటోనీ చేతుల మీదుగా దళంలో చేరింది. ఈ డోమ్ తిరగదు. లోపల త్రికోణంలా అమర్చిన మూడు పలకలు ఒక్కొక్కటి 120 డిగ్రీలు చూస్తాయి.

వాటి కోసం ఆగ్రాలో ఏర్పడిందే 50వ స్క్వాడ్రన్. యుద్ధవిమానాల స్క్వాడ్రన్‌లా దీన్ని ఊహించుకుంటే పొరపాటు. అక్కడ దాదాపు ఒక్కో విమానానికి ఒక్కో పైలట్, పక్కన పదహారు పద్దెనిమిది విమానాలు. ఇక్కడ విమానాలు మూడే, ఒక్కోదానిలో రెండు వేర్వేరు జట్లు. ముందు భాగంలో విమానాన్ని నడిపేవాళ్లు: పైలట్లు, నావిగేటర్, ఫ్లైట్ ఇంజినీర్. వీళ్లు రవాణా విమానాల నుంచి వచ్చినవాళ్లు. వెనుక క్యాబిన్‌లో తెరల ముందు కూర్చునేది మిషన్ జట్టు. అసలు పని వాళ్లది. విమానం ఎక్కడ తిరగాలో చెప్పేది కూడా ఆ జట్టు అవసరమే. ఒకరు రాడార్‌ను చూసుకుంటారు, ఒకరు శత్రువు సంకేతాలను వింటారు, మిగతావాళ్లు మన యుద్ధవిమానాల పైలట్లతో మాట్లాడుతూ ఎటు తిరగాలో, ఎంత దూరంలో ఎవరున్నారో, ఎంత ఎత్తులో వస్తున్నారో చెబుతారు. వీళ్లను ఫైటర్ కంట్రోలర్లంటారు. దళంలో వీళ్ల శాఖ నేల మీది శాఖ. 2019 ఫిబ్రవరి 27న పాక్ విమానాలు వచ్చినప్పుడు మన పైలట్లకు దారి చూపి యుద్ధ సేవా పతకం పొందిన మింటీ అగర్వాల్ ఆ శాఖ అధికారే, ఆ రోజు నేల మీది నుంచే పనిచేశారు. అవాక్స్ ఎక్కే కంట్రోలర్ అదే పనిని కిటికీలు లేని గదిలో, గంటల తరబడి, ఊగే నేల మీద చేయాలి. అలాంటివారిని తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. విమానం కొన్నంత తేలిక కాదది.

స్క్వాడ్రన్ అనే మాటకు ఇక్కడ ఇంకో అర్థం కూడా ఉంది. ఒక నేత్ర ఇంధనం మళ్లీ నింపుకోకుండా ఐదు గంటలు ఎగురుతుందనుకుందాం. వెళ్లడానికి ఒక గంట, రావడానికి ఒక గంట తీసేస్తే కాపలాకు మిగిలేది మూడు గంటలు. ఒకే ఒక ప్రాంతాన్ని రాత్రింబవళ్లు కనిపెట్టుకుని ఉండాలంటే రోజుకు ఎనిమిది సార్లు ఎగరాలి. రెండు విమానాలతో అది కుదిరే పని కాదు, అందులో ఒకటి షెడ్డులో ఉంటే మాట్లాడుకోవడానికే లేదు. ఫాల్కన్‌లు పెద్దవి కాబట్టి ఎక్కువసేపు ఉండగలవు, పైగా ఇంధనం నింపే ఐఎల్-78లు కూడా అదే ఆగ్రాలో ఉన్నాయి. అయినా మూడు మూడే. పశ్చిమ సరిహద్దుకు పంపితే ఉత్తరాన చైనా వైపు ఖాళీ. అవాక్స్ వినియోగం అనుకున్నదానికన్నా తక్కువగా ఉందని కాగ్ 2016లో ఎత్తిచూపింది. విమానాలు మరమ్మతులో ఉండడం, శిక్షణ పొందిన సిబ్బంది చాలకపోవడం అందుకు కారణాలు. ఆ నివేదిక నాలుగు రోజులు పత్రికల్లో నలిగి పోయింది. మరో రెండు ఫాల్కన్‌లు కొనాలన్న ప్రతిపాదన ధర దగ్గర ఆగుతూ, కదులుతూ, మళ్లీ ఆగుతూ ఏళ్లు గడిపింది.

పాకిస్తాన్ ఈ మధ్యలో చప్పుడు లేకుండా పని కానిచ్చింది. స్వీడన్‌కు ఇచ్చిన ఆర్డరులో మొదటి ఎరీఐ 2009 చివర్లోనే చేరింది, అంటే మన మొదటి ఫాల్కన్ వచ్చిన ఏడాదే. 2012 ఆగస్టులో కమ్రా స్థావరం మీద తీవ్రవాదులు దాడి చేసి ఒకదాన్ని ధ్వంసం చేశారు. పాకిస్తాన్ ఆగలేదు, మళ్లీ కొన్నది. చిన్న విమానం, పక్కలకు మాత్రమే చూసే రాడార్, తక్కువ ఖర్చు, ఎక్కువ సంఖ్య. 2025 మేలో పాక్ యుద్ధవిమానాలు తమ రాడార్ వేయకుండానే, దూరంలో ఉన్న ఎరీఐ చూసి చెప్పిన గురితో క్షిపణులు వదిలి ఉంటాయని చాలామంది విశ్లేషకుల అంచనా. అంచనాగానే తీసుకుందాం. కానీ ఆ పద్ధతికి కావలసింది గొప్ప విమానం కాదు, ఎప్పుడూ గాలిలో ఉండే విమానం.

ఇక నేత్ర. 2004లో అనుమతి, 2008లో బ్రెజిల్ ఎంబ్రాయర్‌తో మూడు విమానాలకు ఒప్పందం, 2012లో మొదటిది బెంగళూరు రాక, 2017 ఫిబ్రవరిలో ఏరో ఇండియాలో దళానికి అప్పగింత. పదమూడేళ్లు. ఆలస్యమే, కాదనలేం. అయితే ఐరావత్ బృందాన్ని చెదరనివ్వకుండా ఉంటే ఇందులో ఎన్నేళ్లు తగ్గేవన్న ప్రశ్న వేసేవాళ్లు తక్కువ. రాడార్ బెంగళూరుది. శత్రువు రేడియో, రాడార్ తరంగాలను పట్టుకునే పరికరాలు మన హైదరాబాద్‌లోని డీఎల్‌ఆర్‌ఎల్ చేసినవి. చాంద్రాయణగుట్ట మీదుగా రోజూ వెళ్లేవాళ్లలో ఆ గోడల వెనుక ఏం జరుగుతుందో తెలిసినవాళ్లు కొద్దిమందే ఉంటారు. 2019 ఫిబ్రవరి 26న బాలాకోట్ దాడి రాత్రి ఫాల్కన్‌తో పాటు నేత్ర కూడా గాలిలో ఉంది, దళంలో చేరి అప్పటికి రెండేళ్లు. పనికిరానిదే అయితే ఆ రాత్రి దాన్ని పంపరు.

నేత్ర పనికొస్తుందని తేలాక చేయాల్సింది అలాంటివే ఇంకో పది కట్టడం. కానీ అది దళంలో చేరకముందే, 2015లోనే, చూపు ఎయిర్‌బస్ ఏ-330 మీద, దాని వీపున పూర్తి డోమ్ మీద పడింది. రక్షణ కొనుగోళ్ల మండలి ఆమోదించింది కూడా. విమానం పెద్దది, ధర ఇంకా పెద్దది. ఆ ఫైలు కదల్లేదు. చివరికి 2021 సెప్టెంబరులో భద్రతా వ్యవహారాల కేబినెట్ కమిటీ మరో దారి పట్టింది. ఎయిర్ ఇండియా ప్రయాణికులను మోసిన ఆరు ఏ-321 విమానాలను తీసుకుని వాటికి రాడార్ అమర్చాలి, ఖర్చు దాదాపు 11 వేల కోట్లు. ఎంబ్రాయర్ మీద ఇంకో ఆరు నేత్రల ప్రతిపాదన వేరుగా నడుస్తోంది. ఆ పన్నెండూ వస్తే లెక్క మారుతుంది. అవి వచ్చేలోపు ఇంకోసారి కొనుగోళ్ల మాట లేస్తుంది, ఇంకోసారి ఆలస్యం నింద లేస్తుంది.

ఏ-321 మీద కూడా గుండ్రటి డోమ్ ఉండదు. నేత్రలాగే వీపు మీద పొడవాటి పట్టె, అటు 120 డిగ్రీలు, ఇటు 120 డిగ్రీలు. దానికి అదనంగా ముక్కులో ఇంకో యాంటెనా పెట్టి 300 డిగ్రీలకు తెస్తామంటున్నారు. మిగిలిన 60 డిగ్రీలూ తోక వైపు.