డౌట్లు లేవంటే అర్థమైపోయినట్టేనా? కొన్ని అపోహలు - వాస్తవాలు

మా సాఫ్ట్‌వేర్ టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు పని నేర్పించడం నా ఉద్యోగంలో సగం. ఇదే పని చేసే తోటి సీనియర్లు ఎప్పుడూ అనే మాట ఒకటుంది: "అంతా చెప్పాను, డౌట్లున్నాయా అని కూడా అడిగాను, ఒక్కరూ నోరు మెదపలేదు. ఇప్పుడేమో మొత్తం కెలికి పెట్టారు." ఈ వారంలో రెండోసారి విన్నాక రాయకుండా ఉండలేకపోయాను.

అపోహ: అడగలేదంటే అర్థమైనట్టే.

వాస్తవం: చాలాసార్లు అడగలేదంటే భయపడినట్టు. లేదా ఏం అడగాలో కూడా తెలియనంత కొత్త. కోడ్‌లో మార్పులు భద్రపరచడానికి మేం వాడే టూల్ గిట్. అందులో బ్రాంచ్ (విడిగా సాగే పని వరస) అంటే ఏంటో తెలియనివాళ్లు "నేను ఏ బ్రాంచ్‌లో ఉన్నాను?" అని ఎలా అడుగుతారు?

మా దగ్గర ఒక కుర్రాడు సాయంత్రం ఎక్కడో చూసిన గిట్ రీసెట్ హార్డ్ కమాండ్ (పనిని పాత స్థితికి వెనక్కి తిప్పేది) కొట్టేశాడు. మూడు కమిట్లు (గిట్‌లో భద్రపరిచిన మార్పులు), అంటే రెండు రోజుల పని మాయం. ఎవరికీ చెప్పలేదు. రాత్రంతా కూర్చుని గుర్తున్నంత మేరకు మళ్లీ టైప్ చేశాడు. పొద్దున రివ్యూలో చూస్తే ఒకే ఫంక్షన్ పేరు రెండు చోట్ల రెండు రకాలుగా ఉంది, నిన్నటిదాకా ఉన్న టెస్టులు లేవు. ఏమైందని అడిగితే అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. గిట్ రీఫ్లాగ్ (git reflog, ఇంతకుముందు ఏ కమిట్ల మీద ఉన్నామో చూపే చిట్టా) కొట్టాను. పోయాయనుకున్న కమిట్లు వరసగా కనిపించాయి. చివరిదాని నంబర్ పట్టుకుని కొత్త బ్రాంచ్ తీశాను. నిమిషం పట్టలేదు.

"నిన్ననే చెప్పొచ్చు కదా" అన్నాను.

"పోయిన వారం మీరే అన్నారు కదన్నా, ఇది కూడా తెలీదా అని."

నేనలా అన్నట్టు గుర్తు కూడా లేదు.

అలాంటి టెన్షన్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక మాట. కమిట్ చేసిన పని అంత తేలిగ్గా పోదు. బ్రాంచ్ నుంచి ఊడిపోయిన కమిట్లను కూడా గిట్ మామూలు సెట్టింగుల్లో కనీసం 30 రోజులు రీఫ్లాగ్‌లో ఉంచుతుంది. కమిట్ చేయని మార్పులకు మాత్రం ఆ రక్షణ లేదు. అందుకే కొంచెం కొంచెంగా కమిట్ చేస్తూ ఉండండి. ఏదైనా చెడితే ఇంకో కమాండ్ కొట్టకముందే ఎవరినైనా పిలవండి.

ఆ రోజు నుంచి "అర్థమైందా?" అని అడగడం మానేశాను. "నువ్వు చేసి చూపించు, నేను కీబోర్డ్ ముట్టుకోను" అంటాను. ముట్టుకోకుండా ఉండటం నాకే కష్టం. మొన్న ఒకమ్మాయి పుష్ చేస్తే (తన కమిట్లను సర్వర్‌కి పంపితే) రిజెక్టెడ్ అని వచ్చింది. ఎర్ర అక్షరాలు చూడగానే చేతులు ఆగిపోయాయి. "కింద ఏముందో గట్టిగా చదువు" అన్నాను. సర్వర్‌లో నీ దగ్గర లేని మార్పులున్నాయి, ముందు పుల్ చేసుకో (వాటిని నీ దగ్గరికి తెచ్చుకో) అని అక్కడే రాసి ఉంది. తనే చదివింది, తనే చేసింది.

అపోహ: నేను స్పష్టంగానే చెప్పాను.

వాస్తవం: మన చెవికి స్పష్టంగానే ఉంటుంది మరి. 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో సైకాలజీ పరిశోధన చేస్తున్న ఎలిజబెత్ న్యూటన్ కొందరి చేత తెలిసిన పాటల దరువు బల్ల మీద వేయించింది. వినేవాళ్లలో సగం మంది గుర్తుపడతారని వేసేవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడు. వేసేవాళ్ల బుర్రలో పాట మోగుతోంది, ఎదుటివాళ్లకు వినిపించేది టకటకే.

అపోహ: వెతికితే దొరికేదానికి మన టైమెందుకు? వాస్తవం: వెతకాలంటే ముందు దాని పేరు తెలియాలి. రీఫ్లాగ్ అనే మాటే విననివాళ్లు దాన్నెక్కడ వెతుకుతారు?

అపోహ: మనం చేసి చూపిస్తే సోమరులవుతారు. వాస్తవం: 1985లో స్వెల్లర్, కూపర్ అనే పరిశోధకులు ఆల్జీబ్రా మీద చేసిన ప్రయోగాల్లో, చేసి ఉన్న లెక్కలు చూసి నేర్చుకున్నవాళ్లే అలాంటి కొత్త లెక్కలను త్వరగా చేశారు. ఈ వాదన ఇక వదిలేయండి.

అదే ప్రశ్న నాలుగోసారి వస్తే విసుగు రాదా అంటే, వస్తుంది. నాకూ వస్తుంది. లేచి మంచినీళ్లు తాగొస్తాను. కానీ నాలుగోసారి కూడా అవే మాటలు చెప్పడంలో అర్థం లేదు. పోయిన నెల ఒకతనికి అలాగే కాగితం మీద రెండు డబ్బాలు గీశాను: ఒకటి నీ కంప్యూటర్, ఇంకోటి సర్వర్. కాసేపు చూసి, "అంటే కమిట్ కొడితే సర్వర్‌కి వెళ్లదా?" అన్నాడు. అంతకుముందు మూడుసార్లు చెప్పినప్పుడు ఆ ఒక్క ముక్కే నేను చెప్పలేదు.