కాల్చినా మళ్ళీ వచ్చే పులిపిర్లు

డాక్టరు కాల్చి తీసేసిన చోటే రెండు నెలలకు మళ్ళీ పులిపిర్లు లేస్తాయి. జననాంగాల మీద వచ్చాయి కాబట్టి ఇంట్లో చెప్పుకోలేరు. వైద్యం దండగైందనో, ఒంట్లో సత్తువ లేదనో లోలోపల కుమిలిపోతారు. చాలామంది విషయంలో ఈ రెండూ నిజం కావు.

వీటికి కారణం హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ. జననాంగ పులిపిర్లలో దాదాపు 90 శాతం దీని 6, 11 రకాల వల్లే వస్తాయి. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ముఖ్యంగా కారణమయ్యే 16, 18 రకాలు వేరు. పులిపిరి కనిపించగానే క్యాన్సరని టెన్షన్ పడనక్కర్లేదు. అయితే మహిళలు మామూలుగా చేయించుకోవాల్సిన క్యాన్సర్ పరీక్షలు మానకూడదు.

ఈ వైరస్ రక్తంలో తిరగదు. కంటికి కనబడని చిన్న గాట్ల గుండా చర్మం అడుగు పొరలోకి చేరుతుంది. అక్కడి కణాలు పైకి జరిగేకొద్దీ తనూ పెరిగి, ఎలాగూ రాలిపోయే పైపొర నుంచి బయటపడుతుంది. కణాలను పగలగొట్టదు కాబట్టి వాపు పెద్దగా రాదు, రోగనిరోధక వ్యవస్థ దాన్ని ఆలస్యంగా పసిగడుతుంది. ద్రవ నైట్రోజన్ పెట్టి గడ్డకట్టించినా, కరెంటుతో కాల్చినా పోయేది పైకి కనిపించే పులిపిరే. చుట్టూ బాగానే ఉన్నట్టు కనిపించే చర్మంలో వైరస్ మిగిలి ఉండొచ్చు. తిరగబెట్టడం ఎక్కువగా మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది.

ఇమిక్విమోడ్ క్రీము పనిచేసే తీరు వేరు. అది వైరస్‌ను నేరుగా చంపదు, చర్మంలోని రోగనిరోధక కణాలను మేల్కొలిపి వైరస్‌తో పోరాడే ఇంటర్‌ఫెరాన్లనే ప్రొటీన్లు విడుదలయ్యేలా చేస్తుంది. 5 శాతం క్రీమును వారానికి మూడు రాత్రులు, ఎక్కువలో ఎక్కువ 16 వారాలు రాయమంటారు. ఎర్రబడటం, మంట మామూలే. మందుల షాపులో సొంతంగా కొని మాత్రం వాడొద్దు. గర్భిణులైతే ముందే డాక్టరుకు చెప్పాలి.

ఇమ్యూనిటీ పెంచుతామంటూ అమ్మే పొడులకు జనం వేలు తగలేయడం చూస్తే బాధేస్తుంది. అవి పులిపిర్లను ఆపుతాయనడానికి గట్టి రుజువు లేదు. సిగరెట్ మానేయడం, షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోవడం, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకోవడం అంతకంటే ఎంతో మేలు. ఎక్కువమందిలో ఒకటి రెండేళ్ళలో శరీరమే ఈ వైరస్‌ను అణిచేస్తుంది.

ఇంకో మాట గట్టిగా చెప్పాలి. సోకాక నెలలు, ఒక్కోసారి ఏళ్ళు గడిచాక పులిపిర్లు బయటపడతాయి. అందుకే ఇప్పుడు కనిపించాయని భర్తనో భార్యనో అనుమానించడం అన్యాయం. కండోమ్ ముప్పును తగ్గిస్తుంది కానీ, అది కప్పని చర్మం నుంచీ వైరస్ అంటుతుంది.

హెచ్‌పీవీ సోకకుండా టీకా ఉంది. ఆస్ట్రేలియా 2007లో ఆడపిల్లలకు దాన్ని వేయడం మొదలుపెట్టింది. అక్కడి లైంగిక ఆరోగ్య క్లినిక్‌లకు కొత్తగా వచ్చిన 21 ఏళ్ళలోపు మహిళల్లో పులిపిర్లున్నవారు ఆ ఏడాది 11.5 శాతం, 2011లో 0.85 శాతం. టీకా వేయని ఆ వయసు మగవారిలోనూ బాగా తగ్గాయి. మన దేశంలో సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేస్తున్న సర్వావాక్ టీకా కూడా 6, 11, 16, 18 రకాలను అడ్డుకుంటుంది. ఇప్పటికే ఉన్న పులిపిర్లకు ఇది మందు కాదు. ఇంకా సోకని రకాల నుంచి కాపాడుతుంది కాబట్టి 9 ఏళ్ళు నిండిన ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ వేయించొచ్చు.