పాత క్యాంపర్ వ్యాన్: మీటరు చూసి మోసపోకండి

అపోహ: పదిహేనేళ్ల బండే గానీ నలభై వేల కిలోమీటర్లే తిరిగింది, కొత్తదాని కిందే లెక్క.

లోపల మంచాలు, వంట సామాను అమర్చి ప్రయాణాల్లో ఇల్లులా వాడే క్యాంపర్ వ్యాన్ గురించి షెడ్డులో ఈ మాట వింటే నాకు టెన్షన్ మొదలవుతుంది. ఏడాదిలో పదకొండు నెలలు చెట్టు కింద నిలబడే బండి కంటే రోజూ తిరిగే బండే నయం. అలా నిలబడ్డ బండికి టైర్ల గాడులు లోతుగానే ఉంటాయి, పక్కలు మాత్రం బీటలు వారి ఉంటాయి. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుసలో చివరి నాలుగంకెలు చదవండి. 3517 అని ఉంటే 2017లో 35వ వారం తయారీ. బ్రేక్ ఆయిల్ కూడా అంతే, బండి కదలకపోయినా గాలిలో తేమను పీల్చుకుంటుంది. రెండేళ్లకోసారి మార్చకపోతే, మంచాలు, గ్యాస్ బండ, నీళ్ల ట్యాంకు బరువుతో అరకు ఘాట్ దిగేటప్పుడు ఆ వేడికి ఆవిరి బుడగలు పుట్టి పెడల్ మెత్తబడి బ్రేకు సరిగ్గా పట్టదు.

అపోహ: టాప్ కారితే కారిన చోట సిలికాన్ పూస్తే సరి.

నీళ్లు పడే చోటు వేరు, దూరే చోటు వేరు. మా దగ్గరికొచ్చిన ఓ పాత టెంపో ట్రావెలర్‌లో దిండు మీద చుక్కలు పడుతున్నాయని అక్కడే మూడుసార్లు సిలికాన్ పూశారట. చిల్లు చూస్తే నాలుగడుగులు ముందు, సోలార్ ప్యానెల్ బిగించిన స్క్రూ దగ్గర! రేకుకీ ప్లైవుడ్‌కీ మధ్యగా నీళ్లు పాకి, మంచం దగ్గర బయటపడ్డాయి. వేలి కణుపుతో లోపలి గోడను తట్టుకుంటూ వెళ్లాను. గట్టి చోట టక్‌మంది, నానిన చోట అట్టపెట్టెను కొట్టినట్టు వినిపించింది. పాత సిలికాన్ మీద ఇంకేదీ సరిగ్గా అతుక్కోదు. అంతా గీకి, శుభ్రం చేసి, ప్యానెల్ బిగించే బిళ్ల కింద బ్యూటైల్ టేపు (జిగురుగా ఉండే రబ్బరు పట్టీ), అంచుల్లో పాలీయురేథేన్ సీలెంట్ (నీళ్లు దూరకుండా పూసే జిగురు) వేయాలి. గీకడానికే ఒక పూట పడుతుంది.

అపోహ: లైట్లు వెలుగుతున్నాయంటే బ్యాటరీ బాగున్నట్టే.

ఏ లోడూ లేకుండా కొన్ని గంటలు వదిలేసి వోల్టు మీటరు పెట్టండి. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీకి 12.7 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. ఆ సగంలో నెలల తరబడి వదిలేస్తే లోపల పలకలకు సల్ఫేటు పేరుకుని, తర్వాత ఎంత ఛార్జింగ్ పెట్టినా నిలవదు.

అపోహ: కిటికీ తెరిచి వంట చేస్తే గ్యాస్ భయం లేదు.

వంట గ్యాస్ గాలికంటే బరువు. లీకైతే కిటికీ దాకా లేవదు, నేలబారున చేరుతుంది. అందుకే బండ పెట్టే గూటి అడుగున, బండి కిందికి తెరుచుకునే రంధ్రం ఉండాలి. పైపు మీద అచ్చువేసిన తేదీ చూసి ఐదేళ్లకు మార్చేయండి, జాయింట్ల దగ్గర సబ్బునీళ్లు రాసి బుడగలు వస్తాయేమో చూడండి. బొద్దింకలు వస్తున్నాయని ఆ రంధ్రంలో గుడ్డ కుక్కేసిన బండి ఒకటి మొన్న వచ్చింది. గుడ్డ పీకేసి, సన్న జాలీ బిగించి పంపాను.