బ్యాటరీకి నాలుగు గంటల నిద్ర

ఒక పాఠకుడి ప్రశ్న: "ఊరెళ్తూ పది రోజులు కారు బ్యాటరీ వైరు ఊడదీసి ఉంచాను. వచ్చి బిగించాక బండి బాగానే స్టార్టవుతోంది గానీ, సిగ్నళ్ల దగ్గర ఇంజన్ దానంతటదే ఆగడం మానేసింది. సెన్సర్ పోయిందంటున్నాడు మెకానిక్. మార్చాలా?"

అప్పుడే మార్చకండి. చాలావరకు అది లెక్క మరిచిపోయి ఉంటుంది, అంతే.

బ్యాటరీ మైనస్ టెర్మినల్ దగ్గర చిన్న నల్లటి డబ్బీ ఉంటుంది చూడండి, అదే ఆ సెన్సర్. లోపల మాంగనిన్ అనే మిశ్రలోహపు పట్టీ. దాని నిరోధం ఓమ్‌లో పదివేలవ వంతు అనుకుందాం. స్టార్టర్ 300 ఆంపియర్లు లాగితే పట్టీ రెండు కొసల మధ్య 30 మిల్లీవోల్టులు వస్తాయి. తాళం వేసిన కారు 30 మిల్లీ ఆంపియర్లు తాగుతుంటే 3 మైక్రోవోల్టులే. రెండింటినీ ఆ ఒక్క పట్టీయే పట్టుకోవాలి! ఓమ్ నియమం చెప్పే టీచర్లు ఈ డబ్బీని ఒక్కసారి పిల్లల చేతిలో పెడితే ఎంత బాగుంటుందో.

వచ్చిందెంత, పోయిందెంత అని ఇది క్షణక్షణం లెక్క కడుతుంది. వైరు ఊడదీస్తే ఆ లెక్క పోతుంది. బ్యాటరీలో ఎంతుందో తెలియక కారు సిగ్నళ్ల దగ్గర ఇంజన్ ఆపదు. మళ్లీ మొదలుపెట్టాలంటే ఇప్పుడెంత ఉందో తెలియాలి.

మోటారు నడుస్తుండగా బావిలోకి తొంగిచూసి నీళ్లెన్నున్నాయో చెప్పగలమా? మట్టం దిగిపోయి ఉంటుంది. ఆపాక ఊట వచ్చి ఒక్కో వరా మునుగుతుంది. తెల్లారి చూస్తేనే అసలు మట్టం. వాన నీళ్లు పైనుంచి దూకినప్పుడు ఇందుకు తలకిందులు: నిండినట్టే కనిపించి, తర్వాత ఇంకుతుంది. బ్యాటరీ పలకల సన్నటి రంధ్రాల్లోనూ ఇదే జరుగుతుంది. చార్జింగ్‌లో అక్కడ యాసిడ్ చిక్కబడుతుంది. అది బయటి యాసిడ్‌తో కలిసి సర్దుకోవడానికి గంటలు పడుతుంది. అందాకా వోల్టేజి ఎక్కువే చూపిస్తుంది. కుదుటపడ్డాక 12.6 వోల్టులుంటే నిండినట్టు, 12.2 అయితే దాదాపు సగం.

అందుకే హ్యుందాయ్, మన పెనుకొండలో తయారయ్యే కియా కార్ల మాన్యువళ్లు ఇంజన్ ఆపి సుమారు 4 గంటలు వదిలేయమంటాయి. ఆ తర్వాత రెండు మూడుసార్లు స్టార్ట్ చేసి ఆపండి. కొన్ని కంపెనీల బండ్లకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది, కొన్నింటికి స్కానర్ పెట్టాలి. ఆ వదిలేసిన గంటల్లో తలుపులు తీయకండి. లోపలి కంప్యూటర్లు మేలుకుంటే బావికి మళ్లీ మోటారు వేసినట్టే.

ఇంకొకటి. బయటి చార్జర్ పెట్టినా, వేరే బండి నుంచి కరెంటు తీసుకున్నా మైనస్ క్లిప్పును కారు బాడీకో, ఇంజన్ లోహానికో తగిలించండి. నేరుగా బ్యాటరీ టెర్మినల్‌కే పెడితే ఆ కరెంటు పట్టీ గుండా పోదు. రాత్రివేళ ఎవరో ట్యాంకరు తెచ్చి బావిలో నీళ్లు పోసి వెళ్లినట్టు, అదంతా లెక్కలోకే రాదు.