చేతికి పని తిరిగి నేర్పే వైద్యం: దేశాల మధ్య స్నేహాల్లో నిలిచినవేవి?

పక్షవాతం తర్వాత చెయ్యి కాస్త కదిలితే ఇంటివాళ్లు ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ చేత్తో సంగటి ముద్ద కలుపుకోవాలి, చీర కుచ్చిళ్లు పెట్టుకోవాలి. తిరుపతిలో పూలు కట్టి బతికే మనిషైతే మళ్లీ దారానికి ముడి వేయగలగాలి. ఇవి చేయించేదే ఆక్యుపేషనల్ థెరపీ. మన జిల్లాల్లో చాలామంది దీన్ని ఇప్పటికీ ఫిజియోథెరపీ అనుకుంటారు.

ఈ వృత్తి మనకు సరిహద్దులు దాటే వచ్చింది. అమెరికాలో పుట్టి, భారతీయుణ్ణి పెళ్లాడి ఇక్కడే స్థిరపడిన కమలా నింబ్కర్ 1950లో బొంబాయి కేఈఎం ఆస్పత్రిలో దేశంలోనే తొలి శిక్షణాలయం ప్రారంభించారు. 1952లో ప్రపంచ ఆక్యుపేషనల్ థెరపిస్టుల సమాఖ్య ఏర్పడినప్పుడు పది వ్యవస్థాపక దేశాల్లో భారత్ ఒకటి. విదేశీ విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలకు కూర్చునే మనవాళ్లు ఈ సంగతి మరవకూడదు.

చిత్తూరు వాళ్లకు ఇంకా దగ్గరి ఉదాహరణ తమిళనాడులోని వేలూరు. ఇక్కడి నుంచి ఎన్ని కుటుంబాలు రోగిని బస్సెక్కించుకుని అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ (సీఎంసీ) ఆస్పత్రికి వెళ్లాయో! 1946లో అక్కడికి వచ్చిన బ్రిటిష్ సర్జన్ పాల్ బ్రాండ్ కుష్ఠు వల్ల వంకరపోయిన వేళ్లను శస్త్రచికిత్సతో సరిచేశారు. వేళ్లు బాగుపడినా బతుకుతెరువు లేదని రోగులు మొరపెట్టుకుంటే, వాళ్లకు చేతిపనులు నేర్పే కేంద్రం వెలిసింది. ప్రమాదంలో నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ విదేశాల్లో పునరావాస వైద్యం చదివి వేలూరుకే తిరిగి వచ్చారు. చక్రాల కుర్చీలోంచే ఆ విభాగాన్ని నడిపారు. 1966లో అక్కడ పునరావాస కేంద్రం మొదలైంది. బ్రాండ్ దేశం విడిచి వెళ్లాక కూడా ఆ పని ఆగలేదు. బోధించే బాధ్యత అప్పటికే ఇక్కడివారి చేతుల్లో ఉంది.

నాకు బాధ కలిగించేది రెండు మూడు వారాల పర్యటనలు. విదేశీ విద్యార్థులు వస్తారు, శిబిరం పెడతారు, ఫొటోలతో వెళ్లిపోతారు. రోగి ఏ పనులు చేసుకోగలడో కొలవడానికి వాళ్లు తెచ్చే పరీక్షా పత్రాలు ఫోర్కు, చెంచా, కమోడు ఉన్న ఇంటిని ఊహించి రాసినవి. నేల మీద కూర్చుని తినే, గొంతుకూర్చునే మనిషికి ఆ మార్కులతో ఏం తెలుస్తుంది?

అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం 2021లో ఆక్యుపేషనల్ థెరపీకి చోటిచ్చింది. కాబట్టి ఒప్పందం కుదిరేటప్పుడు మొదట అడగాల్సింది ఇక్కడి అధ్యాపకుల జీతం ఎవరిస్తారని, మన థెరపిస్టులు అక్కడికి వెళ్లి ఏం నేర్పుతారని. వచ్చే విద్యార్థి మొదటి వారం వార్డులో కాక, ఆ పూలు కట్టే మనిషి ఇంట్లో, ఆమె పక్కన నేల మీద కూర్చుని గడపాలి.